గుర్రాలతో కెరీరా? పదిహేనేళ్ల లెక్క వేసుకోండి

అత్వెల్లి దగ్గర హైవే మీద కాలేజీ బస్సు కోసం నిలబడే మీలో ఒకరిద్దరి ఫోన్లలోనైనా కోడింగ్ క్లాసుల కంటే గుర్రాల వీడియోలే ఎక్కువ ఉంటాయి. ఆ మాట ఇంట్లో అంటే 'బీటెక్ చదివి గుర్రాలు కాస్తావా?' అంటారు. 'నాకిష్టం' అన్నది దానికి జవాబు కాదు. పదిహేనేళ్ల తర్వాత ఏం చేస్తుంటారో చెప్పగలిగితే అదీ జవాబు.

పదిహేనేళ్లే ఎందుకంటే, ఈ రంగంలో శరీరంతో చేసే పనికి గడువు ఉంటుంది. జాకీ బరువు యాభై కిలోలు కాస్త అటూ ఇటూ ఉండాలి, పడితే ఎముకలు విరుగుతాయి. ముంబయి జాకీ పెసీ ష్రాఫ్ 2004లో స్వారీ మానేసి ట్రైనర్ అయ్యాడు, అక్కడా ఛాంపియన్ అనిపించుకున్నాడు. నన్నడిగితే లక్ష్యం రాసుకోవాల్సింది ఈ రెండో పని గురించే. జీను దిగాక కూడా మిమ్మల్ని పిలిచే నైపుణ్యం ఏది?

అనూష్ అగర్వాలా కథ చూడండి. కోల్‌కతా కుర్రాడు, పదిహేడేళ్లకే శిక్షణ కోసం జర్మనీ వెళ్లాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ టీమ్‌తో స్వర్ణం గెలిచాడు. గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తర్వాత మనకొచ్చిన స్వర్ణమది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. ఆ దారికి డబ్బు బాగా కావాలి, మనలో చాలామందికి కుదరదు. కానీ ఒక్క పతకం వెనక ఆరేళ్లున్నాయన్న లెక్క మాత్రం అందరికీ పనికొస్తుంది.

మనకు అందే దారుల్లో గట్టిది పశువైద్యం. ఇంటర్ బైపీసీ ఉండాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. తర్వాత సైన్యంలోని రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోట్లు కనిపిస్తాయి. ఎంపీసీ వాళ్లూ, దిగులు పడకండి. గుర్రం కాళ్లకు సెన్సర్లు కట్టి, కంటికి ఆనని కుంటును నడకలోనే పట్టేసే పరికరాలు ఇప్పుడున్నాయి. అయితే నడక తెలియనివాడు ఆ డేటా చూసి ఏం చెప్పగలడు?

ఎవరూ పట్టించుకోని పని లాడాలు కొట్టడం. గిట్టలు ఆగకుండా పెరుగుతాయి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కాల్సిందే. రేసులున్నా లేకున్నా ఆ పని ఆగదు.

రేసుల మాట ఎందుకు తెచ్చానంటే, ఒక్క వాటినే నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. పందేల మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తంపై 28 శాతం అయింది, 2025 సెప్టెంబరులో 40 శాతానికి చేరింది. క్లబ్ ఆదాయం తగ్గితే ఆ సెగ గుర్రపుశాలలో పనివాడి దాకా వస్తుంది. స్వారీ స్కూళ్లు, పోలో, పోలీసు అశ్వదళం... మీ కాగితం మీద వీటిలో ఒకటైనా ఉండాలి.

మొదటి ఏడాది లక్ష్యం మాత్రం చిన్నది: ఆరు నెలలు గుర్రపుశాలలో పని. పేడ ఎత్తడం, నీళ్లు పెట్టడం, మేత చూడటం. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపునొప్పి దాని ప్రాణం మీదకి తెస్తుంది. మేత ముట్టలేదని, పక్కటెముకల వైపు తిరిగి తిరిగి చూసుకుంటోందని అందరికంటే ముందు కనిపెట్టేది సైస్. ఆ చూపు ఏ కోర్సులోనూ దొరకదు. ఆరు నెలలయ్యాక కూడా పొద్దున్నే లేవబుద్ధి అవుతుంటే, అప్పుడు ఐదేళ్ల లక్ష్యం రాయండి.

దగ్గర్లోని స్వారీ స్కూల్లోనో, మలక్‌పేటలోని రేస్‌కోర్సులోనో ముందే అనుమతి అడగండి. వెళ్లాక స్వారీ ఎప్పుడు నేర్పుతారని అడగొద్దు, ఏ పనికి మనిషి తక్కువయ్యాడో అడగండి. తెల్లవారకముందే రమ్మంటారు. అత్వెల్లి నుంచి ఆ వేళకి బస్సును నమ్ముకోలేం, ఫ్రెండ్ బండి రాత్రే అడిగి పెట్టుకోండి.