సాంబ మసూరి బిడ్డలు

కాచిగూడలో కాని, నాంపల్లిలో కాని ఏదైనా బియ్యం కొట్టుకు వెళ్ళి, "సన్నబియ్యం ఉన్నాయా?" అని అడిగి చూడండి. కొట్టువాడు గుప్పెడు గింజలు తీసి మీ అరచేతిలో పోస్తాడు. మీ అమ్మగారైతే ఒక గింజ కొరికి చూసి, అవి పాతవో కొత్తవో చెప్పేస్తారు. ఆ గింజలు సాంబ మసూరివి అయినా కావచ్చు. దాని కథ వినండి.

సాంబ మసూరి బాపట్లలో పుట్టింది. రైతులు దీనిని "బీపీటీ" అంటారు. పూర్తి పేరు బి.పి.టి. 5204. దీని పెద్దలు మూడు చోట్లవాళ్ళు: కోయంబత్తూరులో పుట్టిన జి.ఇ.బి. 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం ఒకటి, మలయా దేశపు మసూరి. వీటిని సంకరం చేసి, మంచి మొక్కలను ఏరి, 1986లో రైతులకు ఇచ్చారు.

సంకరం చెయ్యటం చాలా ఓపికగల పని. వరిపువ్వు బియ్యపుగింజ కన్న పెద్దది కాదు. దానిలో ఆరు కేసరాలుంటాయి. పువ్వు విచ్చుకోకముందే వాటిని తీసివేసి, మరొక రకం పుప్పొడిని దానిమీద రాల్చాలి. అప్పుడు పుట్టిన గింజలో ఇద్దరి గుణాలూ ఉంటాయి. మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉన్నది!

సాంబ మసూరి అన్నం రుచి. ధర కూడా బాగా పలుకుతుంది. కాని దానికి ఒక పెద్ద శత్రువు ఉన్నది. అది ఎండాకు తెగులు. కంటికి కనిపించని బాక్టీరియా ఆకులోకి చొరబడుతుంది. ఆకు అంచులవెంట పసుపుపచ్చగా మారి, కొననుంచి కిందికి ఎండుతూ వస్తుంది. గాలివాన కొట్టిందంటే పొలమంతా పాకుతుంది. పురుగు పడితే మందు చల్లవచ్చు. ఈ తెగులుకు అంత గట్టి మందు లేదు. అప్పు తెచ్చి నాట్లు వేసిన రైతు, గట్టుమీద నిలబడి చూస్తూ ఉండవలసిందే.

ఈ పైరును కాపాడటానికి హైదరాబాదులోనే రెండు సంస్థలు కలిశాయి. ఒకటి హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. రెండవది రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. ఆఫ్రికాలోని మాలీ దేశంలో ఒక అడవి వరి ఉన్నది. దాని అన్నం ఎవరూ కోరి తినరు. కాని ఎండాకు తెగులు దానిని ఏమీ చెయ్యలేదు. దానిలో ఉన్న ఒక జన్యువు దానిని కాపాడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆ జన్యువును అంతకుముందే మామూలు వరిలోకి తెచ్చారు. మనవారు దానితోబాటు మరి రెండు జన్యువులను కూడా సాంబ మసూరిలోకి దించారు. తలుపుకు మూడు తాళాలు వేసినట్టన్నమాట. దొంగ ఒక తాళం తీసినా ఇంకా రెండుంటాయి.

రుచి పోకుండా ఉండటానికి, పుట్టిన మొక్కలను మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే సంకరం చేశారు. ప్రతిసారీ లేతమొక్క ఆకు తుంచి, మూడు జన్యువులూ వచ్చాయో లేదో పరీక్షించారు. తెగులు వచ్చేదాకా కూచోనక్కర లేదు! ఇలా తయారైన మొదటి బిడ్డ 2008లో రైతులకు అందింది.

రెండవ బిడ్డ పేరు కమల. దీనిని రాజేంద్రనగర్‌లోనే తయారుచేశారు, కాని పద్ధతి వేరు.

ప్రతి వరిమొక్క కణంలోనూ ఆ మొక్క జాతకమంతా రాసి ఉంటుంది. ఆ రాతలో సుమారు 39 కోట్ల అక్షరాలున్నాయి. మీ వాచకంలో 200 పేజీలు, పేజీకి 1,500 అక్షరాలు ఉన్నాయనుకోండి. అటువంటి పుస్తకాలు 1,300 కావాలి! వాటిలో ఒకచోట, గింజల సంఖ్యను అదుపులో పెట్టే జన్యువు ఉన్నది. కంకిలో గింజలు ఎక్కువగా పట్టడానికి సైటోకైనిన్ అనే రసం కావాలి. ఈ జన్యువు చేసే పనల్లా ఆ రసాన్ని విరగ్గొట్టటమే. జన్యువు పని ఆపిస్తే రసం మిగులుతుంది, గింజలు పెరుగుతాయి. జపానులో ఈ సంగతి 2005లోనే కనిపెట్టారు.

ఆపించటం ఎలా? బాక్టీరియాలు తమమీద దాడిచేసే వైరసులను తుంచివెయ్యటానికి ఒక కత్తెర వాడతాయి. ఆ కత్తెరను చెప్పినచోట కత్తిరించేలా మలిచినందుకు షార్పెంటియే, డౌడ్నా అనే ఇద్దరు స్త్రీలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. సాంబ మసూరిలో ఆ ఒక్కచోటనే కత్తిరించారు. కత్తిరించినచోట మొక్క తనంతట తాను అతుకు వేసుకుంటుంది. ఆ అతుకులో రాత తప్పిపోతుంది. ఇక ఆ జన్యువు పనిచెయ్యదు.

"ఇది మన పత్తిచేలల్లో ఉన్న బీటీ వంటిదేనా?" అని మీ నాన్నగారు అడగవచ్చు. కాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువు ఉన్నది. కమలలో బయటిదంటూ ఏదీ మిగల్లేదు. ఉన్నదానినే సవరించారు. పెద్దలు ఈ రెంటినీ కలగాపులగం చేసి పోట్లాడుకోవటం కద్దు.

2025 మే 4న కమలను ప్రకటించారు. సాంబ మసూరి హెక్టారుకు 4.5 టన్నులు పండితే, కమల 5.37 టన్నులు పండిందనీ, సుమారు 20 రోజులు ముందే కోతకు వచ్చిందనీ సంస్థవారు చెప్పారు. ఇరవై రోజులు తగ్గితే ఎంత నీరు మిగులుతుందో బోరుబావి ఉన్న రైతును అడగండి! అయితే ఈ అంకెలను ఒప్పుకోనివారు కూడా ఉన్నారు. పరీక్షల వివరాలన్నీ బయట పెట్టాలని వారు అడుగుతున్నారు. అడగవలసిన మాటే.

ఎందుకంటారా? ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు కోతకు వచ్చిన చేలో, ఆ రైతునడిగి మూడు కంకులు తెచ్చుకోండి. తాలుగింజలు ఒక కుప్ప, గట్టిగింజలు ఒక కుప్ప పోసి లెక్కపెట్టండి. ఒకే చేలో కోసినా మూడూ సమానంగా ఉండవు. గట్టు పక్క కంకి ఒక రకం, నడుమ కంకి ఒక రకం. మీ లెక్క ఒక కాగితంమీద రాసి ఉంచుకుని, మరుసటేడు అదే చేలో మళ్ళీ లెక్కపెట్టి చూడండి.