ఆకృతి చుట్టూ సమదూర రేఖ

తిరుపతి, చిత్తూరు పట్టణములలో ఇంటి పేరు పలకలు, దుకాణముల అక్షరములు, పాఠశాలల బహుమతి ఫలకములు చేయు చిన్న పనిశాలలకు నేడు లేజరు యంత్రము వచ్చినది. చెక్కను గాని, యాక్రిలిక్ పలకను గాని దానిలో పరచినచో, సన్నని కిరణము గీత వెంట నడచి కోసివేయును. ఈ పనికి ఎక్కువగా వాడునది కార్బన్ డయాక్సైడు లేజరు. దీనిని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో జన్మించినవాడు. ఈ కిరణము కంటికి కనబడదు. గాజువలె పారదర్శకముగా నుండు యాక్రిలిక్ కూడ దీనిని పీల్చుకొని కరగి ఆవిరియగును.

కిరణము ఎటు నడవవలెనో కంప్యూటరులోని బొమ్మ చెప్పును. ఈ బొమ్మ చుక్కల కూర్పు కాదు. ఫలానా బిందువునుండి ఫలానా బిందువునకు ఇంత వంపుతో పొమ్మని చెప్పు రేఖల కూర్పు. దీనినే వెక్టరు బొమ్మ యందురు.

ఇప్పుడు “తిరుపతి” అను పేరును చెక్కలో కోయవలెననుకొందము. కోత ముగియగానే చేతికి వచ్చునది పేరు కాదు, అయిదు ముక్కలు! అక్షరములు నాలుగే గదా యని సందేహము కలుగవచ్చును. చాల అచ్చులలో ‘ప’ తలకట్టు అక్షరమును తాకక పైన విడిగా నిలుచును. కోసినప్పుడు అది వేరుగా ఊడి పడును. ‘స’, ‘హ’ లకును ఇదే చిక్కు. “చిత్తూరు” అని కోసినచో తవత్తు జారిపోవును. ఇంగ్లీషు అక్షరములలో ఇట్టి బాధ చిన్న బడి ‘ఐ’, ‘జె’ ల చుక్కలకు మాత్రమే యున్నది. మన లిపికి అడుగడుగునా ఉన్నది.

దీనికి పనివారు కనుగొన్న ఉపాయము సులభమైనది. ప్రతి ముక్క చుట్టూ, దాని అంచునుండి అన్ని చోట్ల ఒకే దూరములో, మరియొక గీతను గీయుదురు. సంక్రాంతి ముగ్గులో పద్మము చుట్టూ రెండవ గీత లాగునట్లే. ఇట్లు వచ్చిన గీతలు ఒకదానిపై నొకటి ఎక్కినచోట లోపలి భాగములను తుడిచివేసినచో, పేరంతటికి ఒకే పొలిమేర మిగులును. దాని ప్రకారము అడుగు పలకను కోసి, అక్షరములను దానిపై అంటింతురు. ఇంక తలకట్టు ఎక్కడికిని పోదు.

దూరము ఎంత ఉండవలెను? తలకట్టునకు, అక్షరమునకు నడుమ సందు 6 మిల్లీమీటర్లనుకొనుడు. రెండు వైపులనుండి 3 మిల్లీమీటర్ల చొప్పున గీతలు జరిగినచో అవి ఒక్క బిందువున మాత్రమే తాకును. ఆ మెడ విరుగక తప్పదు. కనుక దూరము సందులో సగముకంటె ఎక్కువగా, 5 మిల్లీమీటర్ల వరకు తీసికొనుట మేలు.

బొమ్మను కొంచెము పెద్దది చేసినచో ఇదే ఫలితము రాదా యని విద్యార్థులు అడుగుదురు. రాదు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల పలకను 1.2 రెట్లు పెంచినచో 24, 12 అగును. అనగా చివరలందు 2 సెంటీమీటర్లు, ప్రక్కలందు 1 సెంటీమీటరు మాత్రమే మిగులును. అంచు సమానముగా లేదు. కంకణమును పెంచినచో దాని లోపలి రంధ్రమును పెరుగును. సమదూర రేఖ గీచినపుడు పదార్థము అన్ని వైపులకు విస్తరించును గనుక రంధ్రము తగ్గును. రంధ్రపు వ్యాసార్థము మనము జరిపిన దూరముకంటె చిన్నదైనచో రంధ్రమే పూడిపోవును.

తరగతిలో దీనిని చూపుటకు కంప్యూటరు అక్కరలేదు. అట్టతో ఒక ఆకృతిని కత్తిరించి కాగితముపై అదిమి పట్టవలెను. 1 సెంటీమీటరు వ్యాసార్థము గల అట్ట బిళ్ళ కేంద్రమున చిల్లు చేసి, అందులో పెన్సిలు ఉంచి, బిళ్ళను ఆకృతి అంచు వెంట దొర్లింపవలెను. పెన్సిలు గీచునదే సమదూర రేఖ. బయటికి పొడుచుకొని వచ్చిన మూలవద్ద బిళ్ళ మూలను చుట్టి తిరుగును గనుక గుండ్రని చాపము ఏర్పడును. లోపలికి నొక్కుకొనిన మూలలోనికి బిళ్ళ పూర్తిగా దూరలేదు. అచ్చట గీత మొనగానే ఉండును.

ఇట్టి రేఖలను లైబ్నిజ్ 1692లోనే పరిశీలించెను. 1840లో స్టైనర్ ఒక చక్కని సూత్రము నిచ్చెను: నొక్కులు లేని ఆకృతి వైశాల్యము వై, చుట్టుకొలత చు, దూరము దూ అయినచో, కొత్త వైశాల్యము వై + చు × దూ + π × దూ². చుట్టుకొలత పెరుగుదల 2π × దూ మాత్రమే. 10 సెంటీమీటర్ల భుజము గల చతురస్రమునకు 1 సెంటీమీటరు దూరమున గీచినచో వైశాల్యము 100 + 40 + 3.14, అనగా 143.14 చదరపు సెంటీమీటర్లు. చుట్టుకొలత 46.28 సెంటీమీటర్లు. మూలలను గుండ్రముగా గాక మొనగా ఉంచుమన్నచో 144, 48 వచ్చును. లైట్‌బర్న్ వంటి సాఫ్ట్‌వేరులో మూల గుండ్రముగా ఉండవలెనా, మొనగా ఉండవలెనా యని అడుగుట ఇందుకే. ఉచితముగా లభించు ఇంక్‌స్కేప్‌లోను గీతను లోనికి, వెలికి జరుపు సాధనములు కలవు.

వృత్తమునకు సమదూర రేఖ వృత్తమే. దీర్ఘవృత్తమునకు మాత్రము దీర్ఘవృత్తము రాదు. అంతకంటె జటిలమైన వక్రము వచ్చును. అందుచే సాఫ్ట్‌వేరు దానిని చిన్న చిన్న వంపు ముక్కలతో ఉజ్జాయింపుగా అతుకును. లోపలికి జరుపునపుడు మరొక చిక్కు కలదు. అర్ధాక్షములు 10, 5 సెంటీమీటర్లయిన దీర్ఘవృత్తము కొనలలో వంపు వ్యాసార్థము 5 × 5 ÷ 10, అనగా 2.5 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్లు లోనికి జరిపినచో రేఖ తన్ను తానే ఖండించుకొని పిచ్చుక తోకవలె మెలిపడును. ఆ మెలికలను గుర్తించి కత్తిరించుటయే సాఫ్ట్‌వేరు పనిలో కష్టమైన భాగము.

సమదూర రేఖకు ఇంకొక ఉపయోగము కలదు. శ్రీకాళహస్తి సమీపమున మాధవమాలలో కొయ్య శిల్పులు తరతరములుగా దేవతా విగ్రహములు చెక్కుచున్నారు. రంపము పట్టినవా రెవ్వరును సరిగా గీత మీద కోయరు. గీతకు ఆవల కోయుదురు. రంపము తిన్నంత కర్ర పొట్టుగా పోవును గదా! లేజరు కిరణమును అట్లే కొంత తినును. దానిని కొలుచుటకు 10 మిల్లీమీటర్ల చతురస్రములు పదింటిని కోసి, వరుసగా దగ్గరకు నెట్టి కొలువవలెను. 100 రావలసినచోట 98 వచ్చినచో, ఒక్కొక్క ముక్కకు 0.2 మిల్లీమీటరు నష్టము, ప్రక్కకు 0.1. అక్షరమును పలకలోని గుంటలో బిగువుగా పొదుగవలెనన్నచో, అక్షరపు గీతను 0.1 వెలికి, గుంట గీతను 0.1 లోనికి జరుపవలెను. పలక మందము మారినను, కటకము ఎత్తు మారినను ఈ సంఖ్య మారును గనుక, కొత్త పలక తెచ్చినప్పుడెల్ల ఆ పది ముక్కలను మరల కోసి చూతురు.