మార్కులకు మారకపు రేటు ఉందా?

బీటెక్ చివరి ఏడాదికి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే లెక్కలు. ‘నా 7.0 సీజీపీఏ అమెరికాలో ఎంత? జర్మనీలో ఎంత?’ డాలరుకు రేటున్నట్టే మార్కులకూ ఓ రేటు ఉంటుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతోనే కొందరు అర్హత ఉన్నచోట దరఖాస్తు పెట్టరు, కొందరు లేనిచోట ఫీజు కట్టి పోగొట్టుకుంటారు. 7.0 తెచ్చుకున్న విద్యార్థినే తీసుకుని చూద్దాం.

అపోహ: సీజీపీఏను 9.5తో హెచ్చవేస్తే శాతం వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ 9.5 సీబీఎస్‌ఈ పదో తరగతిది. ఆ బోర్డు 2010 నుంచి 2017 దాకా పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చినప్పుడు వాడిన సూత్రం. బీటెక్‌కు దానితో పనిలేదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్‌లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో హెచ్చవేయాలి. అంటే 7.0కు 65 శాతం. కర్ణాటకలోని వీటీయూ 2018 స్కీములో తీసేయాల్సింది 0.75, వచ్చేది 62.5. తొమ్మిదిన్నర లెక్కలో మాత్రం 66.5. దరఖాస్తులో 66.5 అని రాసి, యూనివర్సిటీ ఇచ్చిన కాగితంలో 65 కనబడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో ఏముందో అదే రాయాలి.

అపోహ: అమెరికా జీపీఏ కావాలంటే 2.5తో భాగిస్తే చాలు.

వాస్తవం: అలా భాగిస్తే మన విద్యార్థికి 2.8 వస్తుంది. అక్కడ ఎంఎస్‌కు చాలాచోట్ల 3.0 అడుగుతారు కాబట్టి ఇక లాభంలేదని ఊరుకుంటాడు. కానీ పదిని నాలుగుకు కుదించినంత మాత్రాన మార్కులు వేసే పద్ధతి మారిపోదు. అమెరికాలో సాధారణంగా 90 దాటితే ‘ఎ’, అరవైల్లో ఉంటే ‘డి’. మన దగ్గర 60 అంటే ఫస్ట్ క్లాస్. అందుకే వెస్ లాంటి మదింపు సంస్థలు మొత్తం సీజీపీఏను పట్టుకుని భాగించవు. కోర్సువారీ నివేదికలో ఒక్కో సబ్జెక్టు గ్రేడును అమెరికా గ్రేడుగా మార్చి, క్రెడిట్లనుబట్టి సగటు తీస్తాయి. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకున్న బరువు ఒక క్రెడిట్ ల్యాబ్‌కు ఉండదు. అందుకే ఒకే సీజీపీఏ ఉన్న ఇద్దరికి వేర్వేరు జీపీఏలు రావచ్చు.

అపోహ: జర్మనీకి సూత్రం ఒకటే, కాబట్టి జవాబూ ఒకటే.

వాస్తవం: సవరించిన బవేరియన్ సూత్రం ఎక్కువగా వాడతారన్నది నిజమే. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి. దాన్ని, గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించండి. మూడుతో హెచ్చవేసి ఒకటి కలపండి. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 అత్తెసరు పాస్. కిటుకంతా పాస్ మార్కులోనే ఉంది. జేఎన్‌టీయూహెచ్ ఆర్18లో పాసయ్యే కనిష్ఠ గ్రేడుకు 5 పాయింట్లు. ఆ లెక్కన 7.0కు 2.8 వస్తుంది. యూజీసీ నమూనా పట్టికలో కనిష్ఠ పాస్ గ్రేడు 4. దాన్ని వేస్తే అదే 7.0కు 2.5. అర్హత గీత 2.5 అని ఉన్న కోర్సులో ఒకరు లోపల, ఇంకొకరు బయట. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో పాస్ మార్కు గడి ఏదో ఒక అంకెతో నింపేసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

అపోహ: అన్ని దేశాలకూ ఒకే పట్టిక పెడితే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: యూరప్ ఆ పని చేసి చూసింది. పాసైనవాళ్లలో పైనున్న 10 శాతానికి ‘ఎ’, తర్వాతి 25 శాతానికి ‘బి’, ఆపై 30, 25, 10 శాతాలకు ‘సి’, ‘డి’, ‘ఇ’ అని ఈసీటీఎస్ గ్రేడ్లు పెట్టింది. 2009లో ఆ పద్ధతి వదిలేసి, ఏ గ్రేడు ఎంతమందికి వచ్చిందో విద్యాసంస్థలే పట్టికగా ఇవ్వాలంది. ఎందుకంటే గ్రేడు విలువ అంకెలో ఉండదు, అది ఎంత అరుదుగా వస్తుందన్నదానిలో ఉంటుంది. ఫ్రాన్స్‌లో 20కి 16 వస్తే అత్యున్నత శ్రేణి, బ్రిటన్‌లో 70 శాతానికే ఫస్ట్ క్లాస్. డెన్మార్క్ స్కేలు 12 నుంచి మైనస్ 3 దాకా ఉంటుంది.

అపోహ: మదింపు నివేదిక చేతిలో ఉంటే ఇక తిరుగులేదు.

వాస్తవం: అది సలహా మాత్రమే. యూనివర్సిటీ తన లెక్క తాను వేసుకోవచ్చు. జర్మనీకి వెళ్లే మన విద్యార్థులకు 2022 నవంబరు నుంచి తప్పనిసరైన ఏపీఎస్ సర్టిఫికెట్‌ది వేరే సంగతి. దాని ప్రధాన పని పత్రాలు అసలువా కాదా అని తేల్చడం, మార్కులు మార్చడం కాదు. ఇక కెనడా పీఆర్‌కు జీపీఏ ఎక్కువ ఉండాలన్న భయం అనవసరం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చదువుకు పాయింట్లు ఇచ్చేది డిగ్రీ స్థాయినిబట్టి, అందులో వచ్చిన మార్కులనుబట్టి కాదు.

అపోహ: మనమే మార్చి రాస్తే చదివేవాళ్లకు సులువు.

వాస్తవం: సులువు కాదు సరికదా, అనుమానం మొదలవుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టే నింపమని చాలా అమెరికా యూనివర్సిటీల దరఖాస్తులే చెబుతాయి. మార్చుకునే పని వాళ్లది, ఏ స్కేలులో చదివారో చెప్పే పని మీది. రెజ్యూమెలో ఒట్టి 7.0 అని కాకుండా ‘7.0/10’ అని రాయండి. చాలా మెమోల వెనకవైపు గ్రేడ్ల పట్టిక, పాస్ మార్కు అచ్చువేసి ఉంటాయి. మీ లెక్క తేల్చేది అదే కాబట్టి, స్కాన్ చేసేటప్పుడు ఆ వైపును వదిలేయకండి.