కథ రాయమంటే వ్యాసం రాశారు!

సినిమా గురించి మాట్లాడమంటే మనలో వెనక్కి తగ్గేవాళ్లెవరు? ఇంటర్వెల్ నుంచి క్లైమాక్స్ దాకా డైరెక్టర్‌కే క్లాస్ పీకేస్తాం. ఆ పిచ్చిని కాస్త పనికొచ్చే దారిలో పెట్టొచ్చు. మీ ఊళ్లో హైస్కూల్ ఉందా? శనివారం ఒక పీరియడ్ ఇస్తారా? అయితే పిల్లలకు స్క్రీన్‌ప్లే రాయడం నేర్పండి.

నేను ఇంజినీరింగ్ చదివా. టెక్ బ్లాగు రాసుకుంటా. సినిమా కోర్సేదీ చేయలేదు. అయినా జగిత్యాల దగ్గర మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఎనిమిది శనివారాలు పాఠం చెప్పా. నేను చేసిన తప్పులతో సహా చెబుతా, మీరు చేయకుండా ఉంటారు.

పీపీటీ పక్కన పెట్టండి

మొదటి రోజు ల్యాప్‌టాప్‌తో, నలభై స్లైడ్లతో వెళ్లా. మూడు అంకాలు, మలుపులు, పాత్ర ప్రయాణం... పదో స్లైడ్‌కే వెనక బెంచీలు నిద్రలోకి జారుకున్నాయి. సరే, కథ రాయండన్నా. వచ్చినవన్నీ దాదాపు వ్యాసాలే. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. ఒక దొంగ కథ ‘కావున మనమందరం చెట్లను నాటవలెను’ అని ముగిసింది!

నవ్వొచ్చింది గానీ, తప్పు పిల్లలది కాదు. గైడులో లేనిది రాయమని అప్పటిదాకా వాళ్లను ఎవరూ అడగలేదు.

కనిపించాలి, వినిపించాలి

రెండో వారం ల్యాప్‌టాప్ లేదు. బోర్డు మీద ఒక్క వాక్యం రాశా: ‘రాజుకు చాలా బాధగా ఉంది.’ దీన్ని కెమెరాతో ఎలా తీస్తాం? తీయలేం. మరి రాజు ఏం చేస్తుంటే మనకు తెలుస్తుంది?

‘‘అన్నం తింటలేడు సార్!’’

‘‘క్రికెట్‌కు రమ్మంటే వస్తలేడు!’’

‘‘చార్జింగ్ ఫుల్లున్నా ఫోన్ ముట్టుకుంటలేడు సార్!’’

క్లాసంతా నవ్వు. అంతే, స్క్రీన్‌ప్లే మొదటి పాఠం అయిపోయింది. తెర మీద కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి. అదీ ఇప్పుడు జరుగుతున్నట్టుగా. ప్రతి సీన్ పైన లోపలా బయటా, ఎక్కడ, ఎప్పుడు అని ఒక లైను. ‘లోపల - రాజు ఇల్లు - రాత్రి’ ఇలా. పద్ధతి ప్రకారం టైప్ చేసిన పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. కాబట్టి పిల్లలకు మూడు పేజీలు చాలు.

మాటల దగ్గర ఇంకో చిక్కు. ‘అమ్మా, నేను పాఠశాలకు వెళ్లుచున్నాను’ అని రాస్తారు. ‘ఇంట్లో ఇట్లనే అంటవా?’ అని అడగండి. ‘అమ్మా, బడికి పోతున్న’ అని వాళ్లే దిద్దుకుంటారు. తమ యాస కూడా కాగితం మీదికి ఎక్కొచ్చని తెలిశాక వాళ్ల పెన్ను ఆగలేదు.

పెట్టె తెరిస్తే...

‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందిగా? తెరిచినవాళ్లకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఆమె మనసులో ఏముందో ఇక మాటల్లో చెప్పక్కర్లేదు. మూడో వారం ఇదే అడిగా: ‘మీ అమ్మ ఆ పెట్టె తెరిస్తే ఏం కనిపిస్తుంది? ఒక్క సీన్ రాయండి.’

ఒకమ్మాయి ఆరు లైన్లు రాసింది. అమ్మ పెట్టె తెరుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న నాన్న కనిపిస్తాడు. వెళ్లిన రోజు వేసుకున్న చొక్కాతోనే ఉంటాడు. అమ్మ కాసేపు చూసి పెట్టె మూసేసి, పొయ్యి దగ్గరికి వెళ్తుంది. ఒక్క డైలాగ్ లేదు.

నేను ఉబ్బితబ్బిబ్బై అందరి ముందూ గట్టిగా చదివేశా. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి తల దించుకుంది. తర్వాతి శనివారం నా క్లాసుకు రాలేదు.

అక్కడి తెలుగు టీచర్ ఒకే మాట అన్నారు: ‘‘మెచ్చుకున్నవు, మంచిదే. మరి అడిగినవా?’’

అడగలేదు. వెళ్లి ఆ అమ్మాయికి సారీ చెప్పా. ఆ రోజు నుంచి ఒక రూల్ పెట్టాం: పేజీ మూలన ‘చదవొచ్చు’ లేదా ‘చదవొద్దు’ అని రాసేది పిల్లలే. సొంత కథ రాయమంటే వాళ్లు ఇంటి తలుపు తీస్తున్నట్టే. లోపలికి రమ్మన్నంతవరకే మనం వెళ్లాలి. మీరు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

పెన్ను చాలు, ఫోనుంటే సరే

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ‘ఫౌంటెన్’ అనే ఉచిత పద్ధతి 2012లో వచ్చింది. హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్ దాని రూపకర్తల్లో ఒకరు. మామూలు నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి, ఫౌంటెన్ తెలిసిన యాప్‌లో తెరిస్తే స్క్రీన్‌ప్లేలా అమరిపోతుంది. పాత్ర పేర్లను ఇంగ్లిష్ పెద్దక్షరాలను బట్టి గుర్తుపడుతుంది. తెలుగులో అవి లేవు కదా! అందుకే పేరు ముందు @ గుర్తు, సీన్ హెడ్డింగ్ ముందు ఒక చుక్క పెట్టండి. అయితే ఇది ఆఖరి వారాల పని. ముందు తెల్లకాగితం మీదే రాయించండి.

మార్కులొస్తాయా?

తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. నిజమే చెప్పండి. పుణెలోని ఎఫ్‌టీఐఐ (1960), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (1995) లాంటి చోట్ల డిగ్రీ తర్వాత సినిమా చదువులున్నాయి. కానీ క్లాసులో అందరూ రైటర్లు కారు, కానక్కర్లేదు.

మరి లాభమేంటి? నా ఉద్యోగంలోంచే చెబుతా. ‘యాప్ పనిచేయట్లేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘లాగిన్ బటన్ నొక్కగానే స్క్రీన్ తెల్లగా అయిపోతోంది’ అని రాస్తే పది నిమిషాల్లో సమస్య దొరుకుతుంది. చూసింది చూసినట్టు ఎదుటివాడి కళ్లకు కట్టడం ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది.

మొదలుపెట్టే ముందు

* హెడ్మాస్టర్ అనుమతి తీసుకోండి. తెలుగు టీచర్ క్లాసులో ఉండేలా చూడండి.
* హీరో ఎంట్రీ, ఫైట్లు రాస్తే వద్దనకండి. ‘ఎందుకు కొట్టాడు?’ అని అడగండి చాలు.
* ఎర్ర పెన్ను వాడకండి. అక్షర దోషాలు చివర్లో చూడొచ్చు.
* ఆఖరి రోజు పాత్రలు పంచుకుని పైకి చదివించండి. డైలాగ్ నోరు తిరగకపోతే వాళ్లకే తెలిసిపోతుంది.

మా ఆఖరి శనివారం అలాగే గుండ్రంగా కూర్చుని చదివారు. ఆ అమ్మాయి స్క్రిప్టు మూడు పేజీలైంది. పేరు ‘పెట్టె’. మూలన ‘చదవొచ్చు’ అని ఉంది. అమ్మ పాత్రను పక్కనున్న స్నేహితురాలికి ఇచ్చి, సీన్ హెడ్డింగ్‌లు మాత్రం తనే చదివింది: ‘‘లోపల, మా ఇల్లు, పొద్దున.’’

మీ ఊరి బడిలోనూ ఇలాంటి మూడు పేజీలు ఉండే ఉంటాయి. ఈ శనివారం వెళ్లి అడిగి చూడండి.