మనస్సు క్రుంగినప్పుడు చేయు పరీక్షలు

మన రైతులు చేని మట్టిని పరీక్షకు పంపుట నేర్చిరి. పాడిపశువు మేత ముట్టనినాడే పశువైద్యునికి కబురంపుదురు. కాని ఇంటి యజమాని సరిగా భుజింపక, నిద్రింపక, దాళ్వా నాట్లు దగ్గరపడినను చేనివైపు పోక కూర్చున్నచో సోమరితనమనియో, గాలి సోకినదనియో తలంతురు. అది మనోవ్యాధి కావచ్చును.

రక్తమును జూచి ఈ వ్యాధిని నిర్ణయించు పరీక్ష ఇప్పటికిని లేదు. డాక్టరు రక్తము తీయించుట వేఱొక కారణముచేత. థైరాయిడు గ్రంథి మందగించినను, రక్తహీనత యున్నను మనిషి ఇట్లే నీరసించి దిగులుగా నుండును. త్రాగుడు సంగతియు విచారింపవలసినదే. అటుపిమ్మట ప్రశ్నలే పరీక్ష.

1960లో ఇంగ్లండునందు హామిల్టను అను వైద్యుడు, 1961లో అమెరికాయందు బెక్ అను వైద్యుడు ఇట్టి ప్రశ్నల పట్టికలను ప్రకటించిరి. నేడు పల్లెలకు చేరినది 2001లో వెలువడిన తొమ్మిది ప్రశ్నల పట్టిక. గడచిన రెండు వారములలో పనులయందు ఆసక్తి, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, తాను చేతగానివాడనను భావము, ధ్యాస, మాట నడకల మందగింపు, చావు తలంపు ఎట్లున్నవని అడుగుదురు. ఒక్కొక్కదానికి 0 మొదలు 3 వఱకు మార్కులు, మొత్తము 27. 10గాని అంతకు మించిగాని వచ్చినవారిని డాక్టరు చూడవలెను. మార్కులే రోగనిర్ణయము కావు. పంట నీట మునిగిన వారమున ఎవరికైనను మార్కులు పెరుగును గదా! ఎన్నాళ్లనుండి యున్నది, పని యెంత చెడినది, పూర్వమెన్నడైన మితిమీరిన ఉత్సాహము కలిగెనా యని డాక్టరు అడుగును. ఈ కడపటి దానినిబట్టి మందే మాఱును.

తొమ్మిదవ ప్రశ్న వేఱు. మొత్తము తక్కువైనను, చావు తలంపు కలదన్నచో ఆ దినమే వైద్యునికి చూపవలెను. పురుగుమందు డబ్బాలను ఇంటినుండి తొలగింపవలెను. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టునను భయము వలదు.

పశ్చిమగోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తలు ఇంటింట ఇట్టి ప్రశ్నలు అడిగిరి. 2017లో వెలువడిన నివేదిక ప్రకారము 5,007 మందిని పరీక్షింపగా 238 మందిని డాక్టరు కడకు పంపవలసివచ్చెను. అట్టివారిలో పూర్వము చికిత్సకు పోయినవారు నూటికి ఒక్కరైనను లేరు. పిమ్మట నూటికి 12 మందికి పైగా పోయిరి. తక్కినవారు ఏల పోలేదో? దూరమా, నలుగురు నవ్వుదురను సిగ్గా? సిగ్గే యెక్కువయని మా తలంపు.

మన సంఘ సభ్యులలో ఎవరైన సభలకు రాక, అప్పు మాటయెత్తినంతనే ముఖము చాటువేయుచున్నచో, వాయిదా నోటీసుకన్న ముందు ఒకరు వారి యింటికి పోయి పలుకరించుట మంచిది. పిమ్మట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెంటబెట్టుకొని పోవచ్చును. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగుననే మాటలాడుదురు.