నీలి గీతల చేప – ఆవాసం, వర్గీకరణ

జంతుశాస్త్రంలో వర్గీకరణ పాఠం అనగానే మనలో చాలామందికి బట్టీ పట్టాల్సిన పేర్ల జాబితా గుర్తుకొస్తుంది. ఆ పేర్ల వెనుక ఎంత పరిశీలన ఉందో తెలుసుకోవడానికి పగడపు దిబ్బల్లో గుంపులుగా తిరిగే ఒక చేపను చూద్దాం. దాని పేరు నీలి గీతల స్నాపర్. పసుపుపచ్చని ఒంటిపై నాలుగు నీలి గీతలు, తెల్లని పొట్ట దీని గుర్తులు. సాధారణంగా 25 సెంటీమీటర్లు ఉంటుంది, 40 వరకు పెరగగలదు.

వర్గీకరణ:
వర్గం – కార్డేటా
విభాగం – ఆక్టినోటెరిజియై
కుటుంబం – లుట్జానిడే
ప్రజాతి – లుట్జానస్
జాతి – కస్మీరా

క్రమం విషయంలో మాత్రం శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పాత పుస్తకాలు దీన్ని పెర్సిఫార్మిస్‌లో చేర్చాయి. జన్యు పరిశోధనల తర్వాత వచ్చిన కొన్ని వర్గీకరణలు వేరే క్రమంలో ఉంచుతున్నాయి.

'కస్మీరా' అనేది అరబ్బీ పేరు నుండి వచ్చింది. లిన్నేయస్ శిష్యుడు ఫోర్స్‌కాల్ డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియా వెళ్లి, 1763లో యెమెన్‌లో జ్వరంతో మరణించాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు నీబూర్ ఒక్కడే. అతడు స్నేహితుడి రాతప్రతులను 1775లో అచ్చు వేయించాడు. అందువల్లనే ఈ పేరు మనదాకా వచ్చింది.

రంగు చూసి జాతిని నిర్ణయిస్తే పొరపాటు పడతాం. బెంగాల్ స్నాపర్‌కు కూడా నాలుగు నీలి గీతలే ఉంటాయి. కానీ వీపు మీది రెక్కలో గట్టి ముళ్లు కస్మీరాకు 10 ఉంటే, బెంగాల్ స్నాపర్‌కు సాధారణంగా 11 ఉంటాయి. అయిదు గీతలుంటే అది మరో జాతి.

ఇదే ప్రజాతికి మన విశాఖపట్నంతోనూ సంబంధం ఉంది. ప్యాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపల వివరాలను, స్థానిక పేర్లతో సహా, 1803లో పుస్తకంగా వెలువరించాడు. ఆయన గౌరవార్థం బ్లీకర్ 1849లో ఒక స్నాపర్‌కు 'రస్సెల్లీ' అని పేరు పెట్టాడు. అయితే హిందూ మహాసముద్రంలోని చేపలు వేరే జాతి అని 2013లో తేలింది. వాటికి 'లుట్జానస్ ఇండికస్' అని కొత్త పేరు వచ్చింది.

ఆవాసం: కస్మీరా ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుండి పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవుల వరకు ఉంటుంది. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ దిబ్బల వద్ద కనిపిస్తుంది. లోతు తక్కువ మడుగుల నుండి 265 మీటర్ల లోతు వరకు బతకగలదు. పిల్ల చేపలు సముద్రపు గడ్డి మధ్య పెరుగుతాయి. పెద్దవి పగలంతా పగడాల పక్కన, గుహల దగ్గర, మునిగిన ఓడల చుట్టూ పెద్ద గుంపుగా నిలుస్తాయి. గుంపులో ఉంటే వేటాడే చేపకు ఒక్కదానిపై గురి కుదరదు. చీకటి పడగానే విడిపోయి రొయ్యలు, పీతలు, చిన్న చేపల కోసం వెళ్తాయి.

ఈ చేప హవాయి దీవుల్లో సహజంగా లేదు. అక్కడ లోతు తక్కువ నీళ్లలో దొరికే స్నాపర్ జాతులు బాగా తక్కువని, జాలర్లకు మేలు జరుగుతుందని 1958లో మార్కెసాస్ నుండి తెచ్చి ఓహు దీవి దగ్గర వదిలారు. తర్వాత తెచ్చిన వాటితో కలిపి మొత్తం సుమారు మూడు వేలు. 1992 నాటికి అవి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలోని మిడ్‌వే వరకు వ్యాపించాయి. మార్కెట్లో ఆశించిన ధర పలకలేదు. స్థానిక చేపల తిండికీ చోటుకీ ఇవి పోటీ వస్తున్నాయని అక్కడి జాలర్ల ఫిర్యాదు. ఒకసారి సముద్రంలో వదిలిన చేపను వెనక్కి పిలవలేం కదా!

కాబట్టి ఒక జీవి పేరు తెలుసుకోవాలంటే ముళ్లు లెక్కపెట్టేంత ఓపిక కావాలి. దాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి మార్చాలంటే అంతకంటే ఎక్కువ ఆలోచన కావాలి. మన హాస్టల్ నుండి బై.పి.సి., జంతుశాస్త్రం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి ప్రయోగశాలలో చేపను చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా దాని ముళ్లు లెక్కపెట్టి చూస్తారని ఆశిస్తున్నాను.