వీడియో ఫర్ లినక్స్

వీడియో ఫర్ లినక్స్ (సంక్షిప్తంగా వీ4ఎల్) అనేది లినక్స్ నిర్వాహక వ్యవస్థలో వెబ్‌కెమేరా, టీవీ కార్డు వంటి పరికరాలనుండి దృశ్యాన్ని గ్రహించి ఇతర ప్రోగ్రాములకు అందించే ఏర్పాటు. హుజూర్‌నగర్‌లోని తల్లిదండ్రులు విదేశాలలో ఉన్న పిల్లలతో లినక్స్ కంప్యూటరు ద్వారా ముఖాముఖి మాట్లాడాలన్నా, వారి దృశ్యం సాధారణంగా ఈ మార్గంగుండానే వెళ్ళాలి.

పనిచేసే విధానం

కెమేరాలోని చిప్‌తో సంభాషించగల ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఇది లినక్స్ కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తుంది. కెమేరాను తగిలించగానే 'డెవ్' అనే డైరెక్టరీలో 'వీడియో0' వంటి పేరుతో ఒక ఫైలు ఏర్పడుతుంది. వీడియో కాన్ఫరెన్సు ప్రోగ్రాము ఆ ఫైలును తెరచి, చిత్ర పరిమాణాన్ని, రంగుల పద్ధతిని నిర్ణయించుకొని, చిత్రాలను వరుసగా స్వీకరిస్తుంది. అందువలన ప్రోగ్రాము వ్రాసేవారు ఒక్కొక్క కెమేరా గురించి విడిగా తెలుసుకోనవసరం లేదు.

చరిత్ర

దీని మొదటి రూపాన్ని ఆలన్ కాక్స్ రూపొందించాడు. 1999లో విడుదలైన 2.2 కెర్నెల్‌లో ఇది ఉన్నది. రెండవ రూపమైన వీ4ఎల్2, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో స్థిరపడింది. పాత రూపాన్ని 2011లో తొలగించారు. దీనిని వాడుకొన్న తొలి కాన్ఫరెన్సు ప్రోగ్రాములలో డేమియన్ సాండ్రా రచించిన గ్నోమ్‌మీటింగ్ ముఖ్యమైనది. 2006లో దాని పేరు ఎకిగాగా మారింది.

పరికరాలతో చిక్కు

640×480 బిందువుల చిత్రం, బిందువుకు 12 బిట్ల చొప్పున, సెకనుకు 30 సార్లు పంపాలంటే సుమారు 110 మెగాబిట్ల వేగం కావాలి. పాత యూఎస్‌బీ 1.1 గరిష్ఠ వేగం 12 మెగాబిట్లు మాత్రమే. కనుక కెమేరాలు చిత్రాన్ని కుదించి పంపేవి. తయారీదారులు తమ కుదింపు పద్ధతిని వెల్లడించకపోతే, కెమేరా చేతిలో ఉన్నా దృశ్యం సరిగా రాదు.

ఫిలిప్స్ వెబ్‌కెమేరాల విషయంలో ఇదే జరిగింది. వాటి డ్రైవరులోని కుదింపు విప్పే భాగం రహస్యంగా ఉండేది. అటువంటి భాగాన్ని తగిలించుకొనే వీలును కెర్నెల్ నిర్వాహకులు 2004లో తొలగించగా, డ్రైవర్ రచయిత తన పనినే ఉపసంహరించుకున్నాడు. తరువాత లూక్ సయార్ ఆ పద్ధతిని ఛేదించి, స్వేచ్ఛా డ్రైవరును అందించాడు.

యూవీసీ ప్రమాణం

2003లో ప్రకటించిన యూఎస్‌బీ వీడియో క్లాస్ (యూవీసీ) ఈ చిక్కును చాలావరకు తీర్చింది. ఈ ప్రమాణాన్ని పాటించే కెమేరాలన్నిటికీ ఒకే డ్రైవర్ సరిపోతుంది. లారెంట్ పిన్‌షార్ వ్రాసిన ఈ డ్రైవర్ 2008లో 2.6.26 కెర్నెల్‌లో చేరింది. ప్రమాణానికి ముందునాటి అనేక కెమేరాలకు తోడ్పడే జీఎస్‌పీసీఏ డ్రైవర్ల సముదాయం కూడా అదే ఏడాది 2.6.27లో చేరింది.

నేటి స్థితి

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్, క్రోమియం వంటి బ్రౌజర్లలోనే వీడియో సంభాషణ సాధ్యం. అయితే కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో కెమేరాను యూఎస్‌బీ ద్వారా కాక నేరుగా ప్రాసెసరుకు కలుపుతున్నారు. వీటికి యూవీసీ వర్తించదు కనుక పాత చిక్కు మళ్ళీ తలెత్తింది. దీని పరిష్కారానికై 2018లో లిబ్‌కెమేరా ప్రాజెక్టు మొదలైంది.

హైదరాబాదు కేంద్రంగా 2005లో ఆరంభమైన 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులో అందించింది. భాష మనదైనా, పరికరం పనిచేసే తీరు బహిరంగంగా ఉన్నప్పుడే అది పూర్తిగా మనకు ఉపయోగపడుతుంది. కనుక లినక్స్ కోసం వెబ్‌కెమేరా కొనేవారు అది యూవీసీ ప్రమాణాన్ని పాటిస్తుందో లేదో ముందుగా చూసుకొనడం మంచిది.